బోర్డు మీద తొమ్మిదో పేరు

ఆవిణ్ణి గదిలో అందరూ వరసమ్మ అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఒక్కరికీ లేదు, వెనకాల అననివాళ్ళూ లేరు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది కాని, దాంతో ఎవరికీ పనిపడలేదు.

టైర్ల దుకాణం మీద మూడో అంతస్తులో పొడుగాటి గది. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. అందులో పదకొండు మంది కూర్చుని, ఆసుపత్రుల్లో సెలైన్ ఎక్కించే పంపులకి ప్రోగ్రాం రాస్తారు. గంటకి ఎన్ని చుక్కలు పోవాలి, సీసా అయిపోతే ఎలా మోగాలి, కరెంటు పోతే బ్యాటరీ మీదికి ఎలా మారాలి, ఇదీ పని. ఆ కోడంతా ఒక్కచోట ఉంటుంది. దానికి రిపాజిటరీ అని పెద్ద పేరుంది గాని, గదిలో అందరూ 'ఉమ్మడి' అనే అంటారు. ఎవరి నకలు వాళ్ళు దించుకుని పనిచేసుకోవడం, అయ్యాక మార్పుని ఉమ్మడిలోకి పుష్ చెయ్యడం.

ఒకరు పుష్ చేసే లోపల ఇంకొకరు చేసేసి ఉంటే యంత్రం ఒప్పుకోదు. ముందు కొత్తది దించుకోమంటుంది. తంటా అంతా అక్కడే. దించుకోవడం రెండు రకాలు. మన మార్పుని కాస్త పక్కకి తీసి, అవతలివాళ్ళది కింద పరిచి, దాని మీద మనది పెట్టుకోవడం ఒకటి. అలా చేస్తే చరిత్ర మొత్తం ఒకే వరసలో ఉంటుంది. ఏమీ ఆలోచించకుండా పుల్ అని కొట్టి ఊరుకోవడం రెండోది. అప్పుడు యంత్రం రెండు దారుల్నీ కలిపి ఒక ముడి వేసి, ఆ ముడికి తనే ఒక పేరు పెట్టుకుంటుంది. అందులో ఎవరి పనీ ఉండదు, ఎవరి ఉద్దేశమూ ఉండదు. లోకమంతా దాన్ని మెర్జ్ కమిట్ అంటుంది. వరసమ్మ అతుకు అంటుంది, అదేదో బూతుమాట అన్నట్టు.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదులెండి. పదకొండేళ్ళ కిందట ఒక ఆసుపత్రిలో రెండు పంపులు ఉన్నట్టుండి రెట్టింపు వేగంతో నడిచాయి. ఒక నర్సు చూసి ఆపేసింది కాబట్టి మనిషికేం కాలేదు. ఆ తప్పు ఏ మార్పుతో వచ్చిందో తేల్చే పని వరసమ్మ మీద పడింది. చరిత్ర వరసగా ఉంటే సగం దగ్గర చూసి, తప్పు పైనుందా కిందుందా అని తేల్చుకుని, మళ్ళీ అందులో సగం చూసుకుంటూ పూటలో పట్టుకోవచ్చు. కాని అప్పటి చరిత్ర నిండా అతుకులే. ఏ దారెటు పోతోందో తెలీదు. తొమ్మిది రోజులు పట్టింది. తొమ్మిది రోజులూ నలభై ఆసుపత్రుల్లో ఆ పంపులు మూల పడున్నాయి. పదో రోజున డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, ఇకనుంచి ఉమ్మడి తాళం నా చేతికివ్వండి, అతుకన్నది రానిస్తే నన్నడగండి అంది. ఆయన ఇచ్చాడు. ఉమ్మడిలోకి పోయినదాన్ని వెనక్కి తిప్పగలిగే అధికారం ఆ రోజునుంచీ ఆవిడ ఒక్కదానిదే.

అంతవరకూ ఎవరూ తప్పుపట్టరు. ఆ తర్వాతే మనిషి చెడింది. గోడకి ఒక తెల్లబోర్డు తగిలించి, అతుకు వేసినవాళ్ళ పేరూ తేదీ చెరగని ఎర్ర సిరాతో వాళ్ళ చేతే రాయించేది. సోమవారం అందరి ముందూ నిలబెట్టి, ఎలా జరిగిందో చెప్పించేది. చెబుతుంటే మధ్యలో 'చూసుకోలేదు, అంతేగా' అనేది. కంప్యూటర్‌లో ఎవరూ సొంతంగా ఏ అమరికా, అంటే ఏ సెట్టింగూ, మార్చకూడదని ఇంకో నియమం. ప్రతిదీ చేత్తో, రెండు మెట్లుగా, కళ్ళతో చూసుకుంటూ చెయ్యాలి. పదకొండేళ్ళలో బోర్డు మీద ఎనిమిది పేర్లు పడ్డాయి. ఎనిమిదో పేరు ఆవిడ తోడికోడలిది.

అవును, సొంత తోడికోడలు. మరిది భార్య. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే వంటిల్లు, ఒకే ఆఫీసు. తనే చెప్పి చేర్పించింది కూడా. చేరిన నాలుగో నెలలో, పిల్లాడు మెట్ల మీంచి పడ్డాడని బడినుంచి ఫోనొస్తే, ఆ కంగారులో చిన్నావిడ పుల్ అని కొట్టి, పుష్ చేసి పరిగెత్తింది. సోమవారం వరసమ్మ ఆమెని అందరితోపాటే నిలబెట్టింది. సరే, నియమం నియమమే అనుకోవచ్చు. కాని ఆ రాత్రి భోజనాల దగ్గర అత్తగారి ముందు కూడా మొదలుపెట్టింది.

"మీ చిన్న కోడలు ఎనిమిదేళ్ళ చరిత్రకి ముడేసి వచ్చిందత్తయ్యా. నేను చెప్పి పెట్టించిన మనిషి. నా తల కొట్టేసినట్టయింది."

మరిది నవ్వాడు. అత్తగారికి ముడి ఏమిటో అర్థం కాకపోయినా, "పని జాగ్రత్తగా చేసుకోవాలమ్మా" అంది. చిన్నావిడ కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది. ఆ వారంలోనే డైరెక్టరు ఆమెకి ఒక ఉత్తరం ఇచ్చాడు, ఇంకొక్క తప్పు జరిగితే ఉద్యోగం ఉండదని. అది మూడేళ్ళ కిందటి మాట. అప్పటినుంచీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అంతకు ముందు నోరారా అక్కా అని పిలిచే మనిషి, ఆ రోజునుంచి మేడం అనడం మొదలుపెట్టింది. ఆఫీసులోనే కాదు, ఇంట్లోనూ. "మేడంగారికి ఉప్పు చాలిందో లేదో కనుక్కో" అని పిల్లాడితో చెప్పించేది. ఫ్రిజ్‌లో అరలు వేరయ్యాయి. ఒకే బస్సులో ముందొకరు, వెనకొకరు కూర్చునేవారు. నా తప్పేముంది, నియమం ప్రకారం చేశాను అని వరసమ్మ లోపల వెయ్యిసార్లు అనుకుంది. ఒక్కసారి చాలనిపిస్తే వెయ్యిసార్లు అనుకోవలసిన పనిలేదు.

ఇక అసలు సంగతి. ఒక మంగళవారం వరసమ్మకి కొత్త కంప్యూటర్ ఇచ్చారు. పాతదాని మీద అక్షరాలన్నీ అరిగిపోయి, తాకితే చాలు వేడెక్కుతోంది. బుధవారం మధ్యాహ్నం మూడూ పదికి, సీసా అయిపోయినప్పుడు తెర మీద వచ్చే మాటలు సరిచేసి, పుష్ కొట్టింది. యంత్రం ఒప్పుకోలేదు. పరీక్షలాయన, అంటే గదిలో ప్రతి మార్పునీ పంపు మీద పెట్టి చూసే పెద్దమనిషి, రెండు నిమిషాల ముందే ఏదో పంపాడు. వరసమ్మ చేతులు పుల్ అని కొట్టాయి. తెర మీద ఏదో కాగితం తెరుచుకుంది, చదవకుండానే మూసేసింది. మళ్ళీ పుష్. వెళ్ళిపోయింది.

మూడూ పన్నెండుకి చరిత్ర తెరిచి చూసి, ఆవిడ కొయ్యబారిపోయింది. ఒకే గీతగా నడవాల్సింది రెండుగా చీలి, పైన కలిసింది. కలిసిన చోట ముడి. ముడి పక్కన తన పేరు.

ఎలా జరిగిందో ఒక్క క్షణంలో తెలిసింది. పాత కంప్యూటర్‌లో పదకొండేళ్ళ కిందటే ఒక అమరిక పెట్టుకుంది. పుల్ అని కొడితే చాలు, అది అతుకు వెయ్యకుండా తనంతట తనే మన మార్పుని పైకి పేర్చి పెడుతుంది. అందుకే ఆవిడ చేతులు ఏనాడూ తప్పు చెయ్యలేదు. కొత్తదాంట్లో ఆ అమరిక లేదు. మరి ఆ ఒక్క ముక్క గదిలో మిగతావాళ్ళకి చెప్పిందా అంటే, లేదు. అంత సులువైతే జాగ్రత్త పోతుందనేది. అది సగం నిజం. తను తప్పు చెయ్యదు, వాళ్ళు చేస్తారు, ఆ తేడా ఆవిడకి ఇష్టం. ఇది మిగతా సగం.

చుట్టూ చూసింది. ఎవరూ తలెత్తలేదు. బోర్డు ఎదురుగానే ఉంది. అక్కడికి నడిచి వెళ్ళి, తోడికోడలు చూస్తుండగా, ఆ పేరు కింద తన పేరు రాయాలి. ఆ ఊహకే ఒళ్ళు మండిపోయింది. తాళం తన దగ్గరే ఉంది. వెనక్కి తిప్పేముందు గదిలో అందరికీ చెప్పాలి, ఈలోపల ఎవరైనా ఏమైనా పంపారేమో చూసుకోవాలి అని ఆవిడ చేతిరాతతోనే ఇంకో కాగితం గోడ మీద ఉంది. చెబితే ఎందుకంటారు. చూసుకోవాలంటే ఇంకో నిమిషం ఆగాలి, ఆ నిమిషంలో ఎవరి కంటైనా పడొచ్చు. ఆగలేదు. అతుకు విప్పేసి, తన మార్పుని శుభ్రంగా పైన పెట్టి, బలవంతంగా తోసేసింది. ఉమ్మడిలో చరిత్ర మళ్ళీ ఒకే గీతయింది. యంత్రం ఒక వాక్యం చూపించింది, ప్రతి మార్పుకీ ఉండే అంకెతో, ఫలానా అంకె ఉన్నదాన్ని తీసి ఫలానా అంకె ఉన్నదాన్ని పెట్టాను అని. ఆ వాక్యం చదవలేదు. నీళ్ళు తాగొచ్చి పనిలో పడింది.

గురువారం పదకొండున్నరకి పరీక్షలాయన లేచి నిలబడ్డాడు.

"కరెంటు తీసేస్తే పంపు ఇంకా మోగట్లేదండి. బ్యాటరీ మీదికి మారింది, మోత లేదు. నిన్న సరిచేశారన్నారుగా."

సరిచేసింది చిన్నావిడ. వారంనుంచీ దాని మీదే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఈ ప్రోగ్రాం ఆసుపత్రులకి వెళ్ళాలి. చిన్నావిడ ఉమ్మడి తెరిచి చూసింది. తన మార్పు లేదు.

"నేను పంపానండి. నిన్న మూడూ పదిహేనుకి."

"పంపితే ఉండాలి కదమ్మా," అన్నాడు పరీక్షలాయన.

మూడూ పదిహేను అన్న మాట చెవిన పడగానే వరసమ్మ నిన్నటి వాక్యం వెతికి చదివింది. తీసేశాను అని యంత్రం చెప్పిన అంకె తన అతుకుది కాదు. దాని మీద ఇంకొకటి వచ్చి కూర్చుంది. తీసేసింది దాన్ని. అతుకూ, దాని పైన తోడికోడలి వారం రోజుల పనీ కలిసి పోయాయి.

చెప్పేయొచ్చు. చెబితే రెండు నిమిషాల పని, ఆమె దగ్గర నకలుంటుంది, మళ్ళీ పంపితే సరిపోతుంది. కాని డైరెక్టరు అప్పటికే అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. జట్టులో ఒక మనిషి ఎక్కువున్నారని రెండు నెలలనుంచీ నసుగుతున్న మనిషి, సాకు దొరక్క చూస్తున్నాడు. "పన్నెండింటికి అందరూ మీటింగ్ గదికి రండి" అన్నాడు. చిన్నావిడ వైపు చూసి, "నీకిచ్చిన ఉత్తరం గుర్తుందిగా" అన్నాడు. ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ మాట వినగానే వరసమ్మకి భయం ఎంత వేసిందో, అడుగున ఎక్కడో సంతోషం కూడా అంత వేసింది. మూడేళ్ళ మేడం మేడం అన్న పిలుపు ఇవాళ్టితో వదిలిపోతుందనిపించింది. వెంటనే తన మీద తనకే అసహ్యం పుట్టింది. అసహ్యం పుట్టినా నోరు మాత్రం మెదపలేదు.

పన్నెండుకి పది నిమిషాల ముందు, మంచినీళ్ళ యంత్రం దగ్గర, చిన్నావిడ వచ్చి పక్కన నిలబడింది. చేతిలో గ్లాసు లేదు.

"అక్కా," అంది.

మూడేళ్ళ తర్వాత ఆ మాట. వరసమ్మ చేతిలో నీళ్ళు తొణికాయి.

"నాకేమన్నా చెప్పాలా అక్కా?"

ఆమె ముఖంలో ఏముందో చూద్దామని వరసమ్మ తలెత్తింది. కోపం లేదు. ఊరికే నిలబడి, ఎదురు చూస్తోంది.

"నేనేం చెప్పాలి," అంది వరసమ్మ. "పంపేముందు చూసుకోవాల్సింది."

చిన్నావిడ తల ఊపింది. "సరేనండి" అని వెళ్ళిపోయింది.

మీటింగ్ గదిలో డైరెక్టరు కూర్చోకుండానే మొదలుపెట్టాడు.

"ఉమ్మడిలో లేదంటే నువ్వు పంపలేదని. పంపకుండా పంపానన్నావంటే అది ఇంకా పెద్ద తప్పు. నాలుగింటికి ఇది ఆసుపత్రులకి వెళ్ళుంటే ఏమయ్యేది? బ్యాటరీ కూడా అయిపోతే మంచం మీద మనిషికి మందు ఆగిపోతుంది, ఎవరికీ తెలీదు." వరసమ్మ వైపు తిరిగాడు. "తాళం మీ దగ్గరుంది. మీరు చెప్పండి. పంపినది పోయే అవకాశం ఉందా?"

పదిమందీ ఆవిడ వైపు చూశారు.

"మామూలుగా అయితే పోదండి."

మామూలుగా అన్న మాట వెనక దాక్కుంది చూడండి, పదకొండేళ్ళు అందరినీ నిలబెట్టి నిజం చెప్పించిన మనిషి.

చిన్నావిడ లేచింది. తన కంప్యూటర్ తెచ్చి, తీగ తగిలించి, గోడ మీది తెరకి కలిపింది. తెర మీద చరిత్ర వచ్చింది. అన్నిటికన్నా పైన ఆమె మార్పు, బుధవారం మూడూ పదిహేను. దాని కింద ఒక ముడి, మూడూ పన్నెండు. ముడి పక్కన పేరు.

"మేడం చెప్పిన పద్ధతిలోనే చేశానండి," అంది, ఎవరి వైపూ చూడకుండా. "పుష్ చేసేముందు పైనున్నది దించుకున్నాను. నాది దాని మీద పెట్టాను. దించుకున్నదాంట్లో ఇది వచ్చింది. అప్పుడిది నా కంటపడలేదు, పొద్దున పడింది. ఇప్పుడు ఉమ్మడిలో ఇదీ లేదు, నాదీ లేదు. వెనక్కి తిప్పగలిగేది ఎవరో మీకే తెలుసు."

ఆమె ఆ రోజు నియమం తప్పి, చూసుకోకుండా ఎలాగోలా పంపి ఉంటే, ఆ ముడి ఆమె దగ్గర అలా తీర్చినట్టు ఉండేది కాదు. వరసమ్మ నేర్పినదాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది కాబట్టే వరసమ్మ పట్టుబడింది. ఆ సంగతి గదిలో అందరికన్నా ముందు వరసమ్మకే తెలిసింది.

"నేనే చెరిపాను," అంది. "ఆవిడ పంపింది. అతుకు నాది. అది కనబడకూడదని వెనక్కి తిప్పాను. ఆవిడది కూడా పోయింది. పొద్దుననుంచీ నాకు తెలుసు."

డైరెక్టరు అరవలేదు, దానికన్నా అరిచినా బాగుండేది. "నాలుగింటిది రేపటికి మార్చండి" అన్నాడు పరీక్షలాయనతో. కాని పరీక్షలాయన కదల్లేదు. బోర్డు మీద మూడో పేరు ఆయనదే. ఎనిమిదేళ్ళనుంచీ రోజూ దానికి ఎదురుగా కూర్చుంటున్నాడు.

"ఒక్క మాటడగాలండి. పదకొండేళ్ళు మీకు ఒక్క అతుకూ పడలేదు. కొత్త కంప్యూటర్ వచ్చిన రెండో రోజే పడింది. పాతదాంట్లో ఏముంది?"

వరసమ్మ చెప్పింది. ఒకే ఒక్క వరస ఆజ్ఞ, ఒక్కసారి కొడితే చాలు, ఎప్పటికీ అతుకు పడదు.

"మాకు పెట్టుకోవద్దన్నది అదేనా?"

"అదే."

అందరూ లేచారు. ఒక్కొక్కరే కంప్యూటర్ దగ్గరికెళ్ళి, ఆ ఆజ్ఞ కొట్టుకున్నారు. పరీక్షలాయన వెళుతూ వెళుతూ ఆవిణ్ణి దాటుకుని పోయాడు గాని, ముఖం చూడలేదు. పట్టుమని పది నిమిషాల్లో గదిలో పదకొండు కంప్యూటర్లలోనూ అతుకన్నది అసాధ్యమైంది. పదకొండేళ్ళ కిందట జరగాల్సిన పని అది.

డైరెక్టరు తాళం చిన్నావిడ పేరుకి మార్చాడు. వరసమ్మకి ఒక ఉత్తరం ఇచ్చాడు, మూడేళ్ళ కిందటి మాటలే, పేరొక్కటే వేరు. ఉద్యోగం మిగిలింది. చిన్నావిడ తన మార్పుని మళ్ళీ ఉమ్మడిలోకి పంపింది, పరీక్షలాయన కరెంటు తీసి చూశాడు, పంపు గది దద్దరిల్లేలా మోగింది.

సాయంత్రం అందరూ సంచులు సర్దుకుంటుంటే వరసమ్మ బోర్డు దగ్గరికి వెళ్ళింది. ఎవరూ రమ్మనలేదు. ఎర్ర పెన్ను దాని చోట లేదు, వెతుక్కుంటుంటే వెనకనుంచి ఒక చెయ్యి అందించింది. తోడికోడలు. వరసమ్మ తీసుకుని, ఎనిమిదో పేరు కింద తన పేరు రాసింది. మూత పెట్టి, ఏదో ఒక మాట అందామని ఇటు తిరిగింది. పొద్దుట మంచినీళ్ళ దగ్గర విన్న ఆ పిలుపు ఇంకొక్కసారి వింటే చాలనిపించింది. దానికోసం ఏమైనా చెప్పేది, ఎంతైనా బతిమాలేది.

చిన్నావిడ బోర్డు వంక చూస్తోంది.

"తేదీ కూడా వెయ్యండి, మేడం," అంది.